రాబందుల ఆకాశమార్గము

భద్రాచలమునకు చేరువనే ఎటపాక యను గ్రామము కలదు. ఆ పేరు జటాయుపాక యను మాటనుండి వచ్చినదని అచ్చటివారు చెప్పుదురు. సీతను కొనిపోవు రావణునెదిరించి, రెక్కలు తెగి, జటాయువు నేలకొరిగిన చోటదియే యని స్థలపురాణము. పర్ణశాలకు పోవు యాత్రికులు ఈ కథను విని, చేతులు జోడించి, ముందునకు సాగుదురు. జటాయువు యుద్ధమును మనలో ఎరుగనివారు లేరు. అతని అన్న సంపాతి చెప్పిన యొక చిన్న పాఠము మాత్రము అంతగా ప్రచారములో లేదు. అది పక్షులు ఎగురు తీరును గూర్చినది.

కిష్కింధాకాండమున వానరులు సీతజాడ గానక, వట్టిచేతులతో మరలిపోజాలక, సముద్రతీరమున ప్రాయోపవేశమునకు కూర్చుందురు. వారిని చూచి ఆహారము దొరకినదని సంతసించిన ముసలి పక్షియే సంపాతి. తమ్ముని మరణవార్త విని, దుఃఖించి, తుదకు లంకలోనున్న సీతను తానున్నచోటనుండియే చూడగలుగుచున్నానని చెప్పును. ఆ చూపు తనకెట్లు కలిగెనో వివరించుచు ఆకాశమును త్రోవలుగా విభజించును. మొదటి త్రోవ గింజలు తిను చిన్నపక్షులది. దానిపైది కాకులకును, చెట్లపండ్లు తిని బ్రదుకు వానికిని. మూడవదానియందు భాస, క్రౌంచ, కురరములు సంచరించును. నాల్గవది డేగలది. ఐదవది గృధ్రములది, అనగా రాబందులది. ఆ పైని హంసలకు ఆరవ త్రోవ. అన్నిటికి మీదిది గరుత్మంతునిది.

గరుత్మంతుని విడిచిపెట్టినచో, మిగిలినదంతయు పొలముగట్టున నిలిచి తలయెత్తి చూచినవాని లెక్కవలెనే యున్నది. పిచ్చుక ఇంటికప్పును దాటి పెద్దగా పైకి పోదు. కాకి చెట్టుకొనను దాటును. డేగ మరికొంత పైని తిరుగును. డేగకును మీద, కంటికి చుక్కవలె, రెక్క కదల్పక గిరికీలు కొట్టునది రాబందు. ఆహారమునుబట్టి త్రోవ నిర్ణయింపబడుటయే ఇందు విశేషము. గింజలెక్కడ నుండునో పిచ్చుకకు తెలియును. చచ్చిన జంతువు ఎక్కడ పడియుండునో ఎవరికిని తెలియదు. దానిని వెదకువాడు విస్తారమైన నేలను ఒక్కచూపున చూడవలెను. అందులకు ఎత్తు కావలెను. ఎత్తుననున్న వానికి రెక్కలార్చి అలసిపోవుట తగదు.

ఈ పాఠమును పుస్తకమున గాక ఆకాశముననే చదువదలచినవారికి వేంసూరు వంటి చోటు అనువైనది. ఖమ్మము జిల్లా దక్షిణపు కొసన, సత్తుపల్లికి చేరువనున్న ఊరది. ఒకప్రక్క చేలు, మామిడితోటలు. తూర్పుగా అశ్వారావుపేట అడవులు, వానికావల పాపికొండలు. ఈశాన్యమున భద్రాచలపు మన్యము. పొలమును అడవియు కలిసికొను ఇట్టి సరిహద్దున గాలి ఏకరీతిగా నుండదు. దున్ని విడిచిన నేల ఎండకు త్వరగా కాగును. చెట్లనీడనున్న నేలయు, తడి వరిమడియు ఆలస్యముగా కాగును. కాగిన నేలనంటియున్న గాలి తేలికయై పైకి లేచును. వేసవి మధ్యాహ్నమున ఎండుటాకులును దుమ్మును సుడితిరిగి లేచుట మనమందరమును చూచినదే. దుమ్ము కనబడునంతవరకే గాలి లేచుచున్నదని తలచరాదు. దుమ్ము రాలిపోయిన పిదప కూడ గాలి కొన్నివందల మీటర్లు, ఒక్కొక్కప్పుడు వేల మీటర్లు పైకి పోవుచునే యుండును. రాబందునకు అదియే నిచ్చెన. ఆ నిచ్చెన సన్ననిది గనుకనే పక్షి దానిని విడువక గుండ్రముగా తిరుగును. కావలసినంత ఎత్తు చేరిన పిదప రెక్కలు చాచి, తిన్నగా జారుచు, మరియొక నిచ్చెనను వెదకికొనును.

అందుచేతనే బారెడు పొద్దెక్కువరకు రాబందు కొండచరియమీదనో చెట్టుకొమ్మమీదనో సోమరివలె కూర్చుండును. అది సోమరితనము గాదు, పొదుపు. పొడుగుముక్కు రాబందు బరువు ఇంచుమించు 5, 6 కిలోలు. రెక్కలు చాచినచో ఈ కొననుండి ఆ కొనకు 2 మీటర్లకు పైమాటయే. అంతటి దేహమును కేవలము రెక్కబలముతో దినమంతయు గాలిలో నిలుపవలెనన్న, దొరకిన తిండి ఆ శ్రమకే చాలదు.

ఇంత సూటిగా ఈ సంగతిని చెప్పుట నేడు తేలిక. నూరేండ్లక్రిందట పండితులకిది చిక్కుముడి. రెక్కలాడింపకయే పక్షి పైకెట్లు పోవుచున్నది? ఫ్రాన్సు దేశీయుడైన లూయీ మూయార్ అల్జీరియాలోను, ఈజిప్టులోను రాబందులను ఏండ్ల తరబడి చూచి, 1881లో ఒక గ్రంథమును ప్రకటించెను. మానవుడును అట్లే ఎగురవచ్చునని ఆయన దృఢవిశ్వాసము. ఆ గ్రంథభాగము ఇంగ్లీషులోనికి వచ్చి, 1899లో అమెరికాలోని రైట్ సోదరుల చేతికి చేరెను. విమానము పుట్టుటలో రాబందునకును ఒక పాలు కలదనుట అతిశయోక్తి గాదు.

ఈ చిక్కుముడిపై గట్టి వాదము జరిగినది మాత్రము మనదేశమున. ఆగ్రాలో ఎర్నెస్ట్ హాంకిన్ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ప్రభుత్వ రసాయన పరీక్షకుడుగా నుండెను. గంగాజలమున కలరాక్రిములు నశించుటను గూర్చి 1896లో వ్రాసినవాడీయనయే. ఉద్యోగమునకు సంబంధము లేని వ్యసనమొకటి ఈయనకుండెను. తీరికవేళలయందు ఆకాశమును చూచుచు కూర్చుండెడివాడు. ఉదయము ఏ పక్షి ఎన్నిగంటలకు రెక్కలాపి తేలుట మొదలిడెనో, ఏ వాతావరణమున మానెనో వ్రాసికొనెడివాడు. ఆ వ్రాతలన్నియు 1913లో జంతువుల ఎగురుటను గూర్చిన గ్రంథముగా వెలువడెను. ముందుగా తేలునది గ్రద్ద. ఎండ ముదిరిన కొలది దానికంటె బరువైన రాబందులు ఒకదానివెంట నొకటి లేచును. రెక్కల వైశాల్యమునకు బరువు తక్కువగా నున్న పక్షి పలుచని గాలినిచ్చెనను కూడ ఎక్కగలదు. బరువైనదానికి బలమైన నిచ్చెన కావలెను. సంపాతి ఎత్తునుబట్టి చెప్పిన వరుసను హాంకిన్ గడియారమునుబట్టి చెప్పెననవచ్చును.

ఇంతచేసియు ఆయన కారణమును పట్టుకొనలేకపోయెను. పైకి లేచు గాలి ఇందులకు చాలదనియు, ఎండవలన గాలికి మరియొక తెలియని శక్తి అబ్బుచున్నదనియు ఆయన తలచెను. సిమ్లాలో భారత వాతావరణశాఖకు 1904 నుండి 1924 వరకు అధిపతిగా నుండిన గిల్బర్ట్ వాకర్ దీని నంగీకరింపలేదు. మన ఋతుపవనములకును పసిఫిక్ సముద్రపు గాలియొత్తిడికిని గల సంబంధమును కనిపెట్టిన గణితజ్ఞుడీయన. ఉష్ణదేశపు పక్షులు రెక్కలాడింపక ఎగురుటకు లేచుగాలియే చాలునని ఆయన వ్యాసము వ్రాసి వాదించెను. జయము వాకర్‌దే. 1920ల చివర జర్మనీలో యంత్రములేని విమానములను నడపువారు మేఘములక్రింది లేచుగాలిని పట్టుకొని, గంటల తరబడి ఆకాశమున నిలిచి, ఈ సంగతిని స్వయముగా నిరూపించిరి. హాంకిన్ ఊహ వీగిపోయెను గాని, ఆయన వ్రాసికొన్న వేళలకు భంగము కలుగలేదు. వానిని నేడును ఎవరైనను మేడమీద కూర్చుండి సరిచూచుకొనవచ్చును.

నేలమీదనుండి చూచువానికి చుక్క మాత్రమే కనబడును. అందుచేత 1970 ప్రాంతమున కాలిన్ పెన్నిక్విక్ అను శాస్త్రజ్ఞుడు తూర్పు ఆఫ్రికాలోని సెరెంగెటీ మైదానములపై చిన్న ఇంజనుగల గ్లైడరు నెక్కి, రాబందులతోపాటు తానును తిరిగెను. ఒక మీటరు దిగుటకు రాబందు సుమారు 15 మీటర్లు ముందునకు పోగలదని ఆయన కొలిచెను. ఆయన వెంబడించిన పక్షి ఒకటి 75 కిలోమీటర్లను ఇంచుమించు గంటన్నరలో దాటెను. మన ఆర్డినరీ బస్సుకంటె అది మిన్నయే. ఆ తరువాత పక్షి దేహమునకే చిన్నయంత్రములను కట్టి చూచుట వచ్చెను. దక్షిణ అమెరికాలోని కాండర్ పక్షి రాబందువలె శవభక్షకమే. రెక్కల కొలత 3 మీటర్లు, బరువు 15 కిలోల వరకు నుండును. అంతటి భారము గల ఆ పక్షి గాలిలోనుండు కాలములో నూటికి ఒక వంతు మాత్రమే రెక్కలాడించుననియు, అందును అధికభాగము నేలనుండి లేచునప్పుడేననియు 2020లో ప్రకటించిరి. ఒక కాండర్ ఐదు గంటలకుపైగా, 172 కిలోమీటర్లు, ఒక్కసారియైనను రెక్కవేయకయే ప్రయాణించెను.

ఎత్తు విషయమునను ఒక ముచ్చట కలదు. 1973 నవంబరు 29న పశ్చిమ ఆఫ్రికాలోని అబిజాన్ నగరముపై 37,000 అడుగుల ఎత్తున పోవుచున్న విమానమునకు ఒక పక్షి తగిలెను. ఇంజనులో దొరకిన ఈకలను పరీక్షింపగా అది రూపెల్ రాబందని తేలెను. పక్షి అంత ఎత్తున కనబడుట అంతకుముందెన్నడును నమోదు కాలేదు. హంసలకు ఆరవత్రోవ నిచ్చి, తనజాతిని ఐదవత్రోవకు దించుకొన్న సంపాతిది వినయమే యనుకొందము.

సంపాతి చూపును గూర్చియు ఒకమాట. రాబందు చూపు వాడియైనదే. కాని ఎగురునప్పుడది తలను క్రిందికి వంచి నేలను చూచును. అప్పుడు దానికి ఎదుటి భాగము కనబడదని 2012లో పరిశోధకులు వెల్లడించిరి. వేలయేండ్లుగా ఆకాశమున దాని కడ్డు లేదు గనుక ఆ లోపము లోపము కాలేదు. కరెంటుతీగలు, గాలిమరలు వచ్చిన పిదప వానిని గ్రుద్దుకొని చచ్చుచున్నది.

ఇక రాబందుల ఎగురుటలో ముఖ్యమైన సంగతికి వత్తము. రాబందు ఒంటరిగా వెదకునట్లు కనబడునే గాని నిజమునకు ఒంటరి కాదు. ఆకాశమున ఒకదానికొకటి కొన్నిమైళ్ల దూరమున తిరుగుచు, ప్రతి పక్షియు క్రింది నేలతోపాటు ప్రక్క పక్షినికూడ కనిపెట్టియుండును. ఒకటి శవమును చూచి క్రిందికి దిగినతోడనే ప్రక్కది దానివైపు మరలును. దానిని చూచి అవతలిది. ఇట్లు వార్త తంతివలె దిక్కులకు ప్రాకును. ఉత్తర ఆఫ్రికాలో పక్షులను చూచిన ట్రిస్ట్రామ్ అను ఇంగ్లీషు మతాచార్యుడు 1859లోనే ఈ గొలుసును వర్ణించెను. చచ్చిన ఎద్దుపై గడియలో పదులకొలది పక్షులు ఎక్కడనుండి వచ్చి వాలినవో యని మన పల్లెలలోని వారు ఆశ్చర్యపడుటకు కారణమిదియే. వాసన పట్టి రాలేదు. పరస్పరము చూచికొని వచ్చినవి.

ఆ పల్లెల సంగతి పెద్దలకు తెలియనిది గాదు. పశువు చచ్చినచో ఊరివెలుపలకు ఈడ్చి, చర్మమొలిచిన పిదప విడిచెడివారు. సాయంకాలమునకు ఎముకలు మాత్రము మిగిలెడివి. రాబందు ఇంటికప్పుపై వాలినచో అరిష్టమని ఇల్లు విడిచి పోవువారును ఉండిరి. రక్తము పీల్చు వడ్డీవ్యాపారిని రాబందని తిట్టుటయు కలదు. ఊరిని శుభ్రపరచు పక్షికి మనమిచ్చిన జీతము ఈ తిట్టు. 1931, 1932 సంవత్సరములలో సాలిం అలీ హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసెను. ఆనాడు రాబందులను ప్రత్యేకముగా లెక్కింపవలెనన్న తలంపు కలుగుటకు కారణము లేకుండెను. కాకులను లెక్కపెట్టువారుందురా? 1980ల నాటికి కూడ తెల్లవీపు రాబందు ప్రపంచమందలి పెద్ద వేటపక్షులలో సంఖ్యచే మొదటిదై యుండవచ్చునని శాస్త్రజ్ఞులు వ్రాసిరి.

పదేండ్లు తిరుగకముందే ఆకాశము ఖాళీ కాసాగెను. రాజస్థానములోని భరత్‌పూర్ పక్షిరక్షణ కేంద్రమున విభు ప్రకాశ్ అను పరిశోధకుడు గూళ్ల సంఖ్య తగ్గుటను, మెడలు వ్రేలవేసి కూర్చున్న పక్షులు కొమ్మలనుండి రాలి చచ్చుటను గమనించి 1990ల చివర ప్రకటించెను. 1992 మొదలు 2007 వరకు జరిగిన లెక్కలను పోల్చిచూడగా తెల్లవీపు రాబందులు వేయింటికి ఒకటి మాత్రమే మిగిలెనని తేలెను. పొడుగుముక్కు జాతులు నూటికి మూడు మిగిలెను. ఏ రోగమో యని కొన్నియేండ్లు వెదకిరి. తుదకు 2004లో పాకిస్తానమున జరిగిన పరిశోధనచే కారణము బయటపడెను. పశువుల నొప్పులకు, జ్వరమునకు వాడు డైక్లోఫెనాక్ అను మందది. ఆ మందు తీసికొని చచ్చిన పశువును తిన్న రాబందునకు మూత్రపిండములు చెడి, కొలదిదినములలో ప్రాణము పోవును.

ఇచ్చట శ్రోతలు ఒక్కక్షణము ఆగి ఆలోచింపగోరెదను. దేశములోని ఎన్ని కళేబరములలో ఆ విషముండినచో ఇంతటి నాశనము జరుగును? సగములోనా? పదింట ఒకదానిలోనా? లెక్కకట్టినవారు నూటికి ఒకటికంటె తక్కువ చాలునని చెప్పిరి. కారణము మనము పైన చెప్పుకొన్న గొలుసే. ఒక్క కళేబరమునకు ఏబదియో నూరో పక్షులు చేరును. ఒకటి చూచినదానిని అన్నియు చూచును, ఒకటి తిన్నదానిని అన్నియు తినును. తిండి దొరకుటకై ఏర్పడిన నేర్పే చావునకు దారిచూపెను. ఈ పక్షులు ఏటికి ఒక్క గ్రుడ్డే పెట్టును. ఆ గ్రుడ్డునుండి వచ్చినది పెరిగి గూడుకట్టుటకు ఇంచుమించు ఐదేండ్లు పట్టును. ఇట్టిజాతికి పోయిన సంఖ్య మరల కూడుట ఎంత కష్టమో ఊహించుకొనవచ్చును.

గొలుసు తెగుటవలన మరియొక నష్టమును కలదు. పక్షులు పలుచబడినకొలది ఒకదాని దిగుడును చూచుటకు ప్రక్కన మరియొకటి యుండదు. దగ్గరలోనే కళేబరమున్నను దూరపు పక్షికి వార్త చేరదు. కనుక పది పక్షులు మిగిలినచో నూరు పక్షులలో పదవవంతు బలమున్నదని తలచుట పొరపాటు. అంతకంటెను తక్కువయే. పల్లెవెలుపల మిగిలిన మాంసము కుక్కల పాలాయెను. కుక్కలు పెరిగినచోట వెర్రికుక్కకాటుల బాధయు పెరిగెను.

2006లో భారతప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించెను. మనుష్యులకై తయారగు పెద్దసీసాలను పశువులకు వాడుచుండుటచే 2015లో సూదిమందు సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించిరి. 2023లో అదేవిధముగా హానిచేయు కీటోప్రోఫెన్, అసిక్లోఫెనాక్ అను మందులను కూడ పశువులకు వాడరాదనిరి. రాబందులకు హానిచేయని మెలాక్సికామ్ అను మందు కలదని 2006లోనే తేలియుండెను. హర్యానాలోని పింజోరులోను, హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలయందును రాబందులను పెంచు కేంద్రములు వెలసెను. అమెరికాలో కాలిఫోర్నియా కాండర్ విషయమున ఇట్లే చేసిరి. 1987లో మిగిలిన 27 పక్షులను పట్టి పెంచి, 1992నుండి మరల అడవికి విడువసాగిరి.

తెలుగునేలపై ఆశ కలిగించిన చోటు వేంసూరునకు చాల ఉత్తరమున, ఆసిఫాబాదు ప్రాంతపు బెజ్జూరు అడవులలో నున్నది. పెద్దవాగు ప్రాణహితలో కలియు తావున పాలరాపు గుట్టయని నిట్టనిలువు కొండ కలదు. దాని చరియలలో పొడుగుముక్కు రాబందులు గూళ్లు కట్టుటను 2013లో అటవీశాఖవారు కనుగొని కావలి ఏర్పరచిరి. ప్రాణహిత కావలిగట్టు మహారాష్ట్రము. అటు మరికొంత దూరమున తాడోబా అడవులు. పింజోరున పెరిగిన రాబందులను 2024లో అచ్చట విడిచిరి. వాని వీపున ఉపగ్రహమునకు ఆచూకీ తెలుపు యంత్రములుండెను. అందొకటి తమిళనాడు వరకు పోయెను. రాబందునకు రాష్ట్రముల హద్దులు తెలియవు గదా. ఇట్టి యంత్రములను చూచి జనులు బెదరుటయు కలదు. 2011లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయపు గురుతుగల రాబందొకటి సౌదీ అరేబియాలో దిగగా, గూఢచారియని దానిని పట్టి యుంచిరి. అడవిప్రక్క ఊళ్లవారికి ఈ యంత్రముల సంగతి ముందుగా తెలియజెప్పుట మేలు.

వేంసూరు చుట్టుపట్టుల నేడు సాధారణముగా కంటబడునది గ్రద్దయే. దానిని రాబందని భ్రమపడనక్కరలేదు. గ్రద్దతోక చీలినట్లుండును. అది గాలిలో తోకను త్రిప్పుచు, వంగుచు, మాటిమాటికి దిశ మార్చుకొనును. రాబందుతోక పొట్టిది. రెక్కలు పలకవలె వెడల్పై, కొనలయందలి ఈకలు చేతివ్రేళ్లవలె విడివడి కనబడును. వలయము విశాలము. తొందర కనబడదు. చూచుటకు పొద్దున పదిగంటలకు మీదట, నేల బాగుగా కాగిన పిదప, తెల్లని మబ్బుతునకలు కట్టువేళ అనుకూలము.

లెక్కించువారికి మాత్రము ఆ వేళ పనికిరాదు. గాలిలోనికి లేచిన రాబందు క్షణములో కొండదాటిపోవును, మరల వచ్చి రెండుమార్లు లెక్కలో పడును. కావున గుట్టకెదురుగా తెల్లవారకముందే చేరి, చరియపై కూర్చున్నవానిని, గూళ్లనున్నవానిని ఒక్కొక్కటిగా వ్రాసికొందురు. హాంకిన్ ఆగ్రాలో పట్టుకొన్న సూత్రము వారికి గడియారము. రాయి కాగువరకు పక్షి కదలదు. ఎండ చరియమీదికి వచ్చి, మొదటి గ్రద్ద తేలుట మొదలిడినతోడనే పుస్తకము మూసివేయుదురు.